పోశం ఆడిన అమెరికా ఫైనల్

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. పోశం నోరు మంచిదో చెడ్డదో గోదావరిఖనిలో ఎవరూ తేల్చలేదు గానీ, పెద్దదని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. అందుకే ఆ ఆదివారం పొద్దున్నే కనకవ్వ మొగుణ్ణి ఇంటి ముందర అరుగు మీద కూర్చోబెట్టి మూడు మాటలు నేర్పింది. "రాండ్రి", "కూసోండ్రి", "మంచిది".

"గీ మూడే. నాలుగో మాట ఎల్లిందంటే ఇయ్యాల్టి కోడికూర నీకు లేదు," అంది.

"మనుషులొచ్చినప్పుడు మాట్లాడకపోతే ఏమనుకుంటరే?"

"మాట్లాడినందుకే గద రెండు సంబంధాలు పాయె!"

పోశం తల దించుకున్నాడు. ఆ మాట నిజం. కొడుకు వేణుమాధవ్ బుద్ధిమంతుడు, జ్యోతినగర్ కరెంటు ప్లాంటులో కొలువు, చెడు అలవాటు ఒక్కటి లేదు. మొదట పెద్దపల్లి సంబంధం వచ్చింది. అన్నీ కుదిరి, ఆకూవక్కా అందుకునే వేళకు ఎవరో గోదారి వరద మాటెత్తారు. అంతే, పోశం ఆ వరదలో ఒక మొసలిని పట్టి, దాని మీద ఎక్కి మంథని దాకా పోయి, ఉల్లిగడ్డలు కొనుక్కొని వచ్చిన సంగతి చెప్పాడు. కొడుకు నౌకరీ కూడా ఆ మొసలి లాంటిదేనేమో అని వాళ్ళకు అనుమానం వచ్చింది. పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. రెండో సంబంధం సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. అందులో పులి ఉంది.

ఇది మూడోది, జైపూర్ సంబంధం. పిల్ల పేరు యమున. అక్కడి కరెంటు ప్లాంటులో ల్యాబులో పని చేస్తుంది. ఏదో ట్రైనింగులో వేణుమాధవూ ఆమే కలిశారు, ఒకరికొకరు నచ్చారు, ఇక పెద్దల మాటే మిగిలింది. డ్యూటీకి పోతూ కొడుకు గడప దగ్గర ఆగి, "అమ్మా, ఈసారి గూడ బాపు వాళ్ళను మొసలి ఎక్కిస్తే నేనిగ పెండ్లే చేసుకోను," అన్నాడు. నవ్వుతూ అనలేదు. కనకవ్వకు అప్పటి నుంచీ గుండెలో రాయి పడ్డట్టుంది.

చెప్పిన వేళకు ముగ్గురు వచ్చారు. ముందు సామ్యేల్. పోశంతో ఒకే షిఫ్టులో బొగ్గు గనిలోకి దిగి, ఒకే నెలలో రిటైరైన మనిషి, ఈ సంబంధానికి నడుమ మనిషి కూడా ఆయనే. చర్చి నుంచి నేరుగా వచ్చాడు. వెనక యమున తండ్రి ముత్యం, ఆయన బావమరిది సదయ్య.

ముత్యాన్ని చూడగానే కనకవ్వకు భయమేసింది. ఎండుకట్టె లాంటి మనిషి, మెడ దాకా గుండీలు పెట్టుకున్నాడు. చెప్పులు విప్పి, జతగా ఉన్నాయో లేదో వంగి చూసుకొని మరీ మెట్టెక్కాడు. మంచిర్యాల దిక్కు ఏదో గనిలో ల్యాంప్ రూంలో పని చేసి దిగిపోయాడని సామ్యేల్ ముందే చెప్పాడు. లోపలికి దిగేవాడికి నెత్తిలైటు ఇవ్వడం, బయటికొచ్చాక ఆ లైటు తిరిగి తీసుకోవడం, ఇదే పని కొలువంతా. వచ్చినదీ రానిదీ చూసి చూసి ఆ కళ్ళు అలాగే ఉండిపోయాయి. ఇంట్లో ఏ వస్తువు మీద పడినా లెక్క అడుగుతున్నట్టే ఉన్నాయి.

"రాండ్రి," అన్నాడు పోశం. "కూసోండ్రి."

కూర్చున్నారు. కనకవ్వ చాయ్ తెచ్చింది. సదయ్య కప్పు మూతి దాకా తీసుకుపోయాడు. ముత్యం మాత్రం కప్పును అరుగు గోడ మీద పెట్టాడు.

"ఏమనుకోవద్దు చెల్లె. సంబంధం మాట ఖాయమైనంకనే మేం చాయ్ ముడుతం. మా ఇంటి ఆనవాయితీ," అన్నాడు.

సదయ్య బావ మొహం చూసి, కప్పు మొహం చూసి, ఉసూరుమంటూ తనది కూడా గోడ మీదే పెట్టాడు. కనకవ్వ లోపలికి పోయి తెర చాటున నిలబడింది. ఆమె కళ్ళు ముత్యం కప్పు మీదే. ఆ కప్పు ఖాళీ అయితే కొడుకు పెళ్ళి. నిండుగా మిగిలితే ఇక ఆ ఇంట్లో పెళ్ళి మాట ఉండదు.

మొదట బాగానే నడిచింది.

"పిలగాడు డ్యూటీకి పోయిండా అన్నా?" అన్నాడు ముత్యం.

"మంచిది."

"మీకు పానం గిట్ల బాగుంటున్నదా?"

"కూసోండ్రి."

"కూసున్నం గద," అన్నాడు సదయ్య.

"మా పోశన్న జర తక్కువ మాట్లాడుతడు," అన్నాడు సామ్యేల్. అప్పుడే చర్చి నుంచి వచ్చిన మనిషి, అంత పెద్ద అబద్ధం ఆడినందుకు ఒకసారి ఆకాశం దిక్కు చూసి చెంప గోక్కున్నాడు.

ముత్యానికి తక్కువ మాటల మనుషులంటే ఇష్టంలా ఉంది. మెల్లగా తల ఊపాడు. చెయ్యి గోడ మీది కప్పు దాకా పోయింది కూడా. సరిగ్గా ఆ ఘడియకే, ఏమీ తోచక కూర్చున్న సదయ్య జేబులోంచి ఫోను తీశాడు.

"బావా, గిది చూడు. గీళ్ళకు పిచ్చా ఏంది? మంచుల పడి కొట్లాడుతున్నరు."

నలుపు తెలుపు బొమ్మ. తెల్లటి మంచులో గుండ్రాళ్ళ లాంటి మనుషులు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. "అమెరికా ఫుట్‌బాలట. పంతొమ్మిది వందల నలభై ఎనిమిదిల ఫైనలట. కాళ్ళతోని తన్నుడు తక్కువ, చంకల పెట్టుకొని ఉర్కుడే ఎక్కువ. బంతి గూడ గుండ్రంగ లేదు, కోడిగుడ్డు లెక్కున్నది. మంచు పడి గ్రౌండు మీద గీతలే కనవడుత లెవ్వట!" అన్నాడు సదయ్య.

కనకవ్వ మొగుడి కాలు చూసింది. ముప్పై అయిదేళ్ళ కాపురం. కుడికాలి బొటనవేలు ఆడిందంటే కథ బయలుదేరిందని ఆమెకు తెలుసు. వేలు ఆడింది. ఆమె లోపల గిన్నె ఒకటి ధడేలుమని కింద పడేసింది. లాభం లేకపోయింది.

"ఆ గ్రౌండు నాకు ఎర్కే," అన్నాడు పోశం, ఎంతో మెత్తగా. "ఎక్కువేం లే. ఆ మంచు రెండు తట్టలు నేను గూడ ఎత్తిపోసిన. గంతే."

సామ్యేల్‌కు దగ్గు వచ్చింది. ఎంత దగ్గినా పోశం ఆ సైగ అందుకోలేదు.

"అమెరికల?" అన్నాడు సదయ్య.

"మరి యాడ? ఏమైందంటే, ఓ దినం మొదటి షిఫ్టుల దిగిన, సామ్యేలు గూడ ఉండె, అడుగుండ్రి..."

"నేను ఆ దినం నాగా," అన్నాడు సామ్యేల్ గబుక్కున.

"సరే ఈన నాగా, నేనొక్కన్నే. బొగ్గు నింపుడు అయిపోయింది, జర దమ్ము తీసుకుందామని బొగ్గు తీసిన పాత గల్లీలకు పోయిన, తొవ్వ తప్పిన. చేతుల తట్ట, చెమ్మస్. చెమ్మసంటే బొగ్గు ఎత్తే పార, మీకు ఎర్కే గద. నెత్తి మీద లైటు. నడుస్తున్న, నడుస్తున్న, బొగ్గు అయిపోయి రాయొచ్చె, రాయి అయిపోయి ఉసికొచ్చె, పైకి చూద్దును గద, నెత్తి మీద సముద్రం! కప్పుకు చేపలు ఏలాడుతున్నయి. ఒక్కటి తెంపుకొని సద్దిల నంజుకున్న. ఉప్పు గూడ అవసరం పడలే. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? వెలుతురు కనవడ్డది, ఎక్కిన, చూస్తే అంతా తెల్లగ. ఎవలో సున్నం ఆరవోసిన్రనుకున్న. అమెరికా!"

"పాస్‌పోర్టో?"

"మీది నుంచి పోయేటోనికి పాస్‌పోర్టు గని, కింది నుంచి పోయేటోన్ని ఎవడు అడుగుతడు?"

సదయ్యకు ఇది సబబుగానే తోచింది. కానీ ఇంకొకటి అడ్డం పడింది. "అన్నా, గిది నలభై ఎనిమిది ముచ్చట గద. అప్పటికి మీరు పుట్టిన్రా?"

తెర వెనక కనకవ్వ దేవుడికి దండం పెట్టుకుంది. ఇక్కడితో ఆగిపోతాడనుకుంది. పోశం జాలిగా నవ్వాడు.

"తమ్మీ, అమెరికల టైం మనకంటె ముందా, ఎనుకనా?"

"ఎనుకనే. పదో పన్నెండో గంటలు."

"విమానంల ఝామ్మున పోయినోడే పన్నెండు గంటలు ఎనుకకు పోతడు. నేను నడిచి పోయిన. ఎంత ఎనుకకు పోవాలె మరి?"

సదయ్య వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని ఒప్పుకున్నాడు. ముత్యం చాయ్ మీద తొరక కట్టడం మొదలైంది.

"ఇగ చూడు, గ్రౌండు మీద పే...ద్ద టార్పాలిన్ కప్పిన్రు, దాని మీద మోకాళ్ళ దాంక మంచు. ఆడేటోళ్ళే పట్టి గుంజుతున్నరు, ఒక్కొక్కడు వడ్ల గుమ్మి లెక్కున్నడు, అయినా కదుల్త లేదు. 'జరుగుండ్రి బిడ్డా' అన్న. మనకు బొగ్గు టబ్బులు నింపిన చెయ్యి. ఇట్ల చెమ్మసు పెడితిని, అట్ల మంచు పాయె. యాడికి పోయిందంటరు? హిమాలయాల మీద పడ్డది. ఈ నడుమ గవి ఎత్తు పెరిగినయంటున్నరు గద టీవీల, ఎందుకనో ఎవ్వలకు ఎర్క లేదు."

"ఇంట్ల కూర మాడుతున్నది, జర వస్తవా?" అని కనకవ్వ తెర వెనక నుంచి కేకేసింది.

"మాడనియ్యి!" అన్నాడు పోశం. కోడికూర మీద ఆశ వదులుకున్న మనిషిని ఇక ఆపేది ఎవరు? "ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? మంచు మళ్ళ మొదలైంది. మబ్బు దిగుడు పెట్టింది, గీ ఇంటి కప్పంత కిందికి. నాకు అనుమానం కొట్టింది. గనిల కప్పును కర్రతోని కొట్టి సప్పుడు వింటం గద, గట్టిదా డొల్లదా అని? అట్లనే ఓ కర్ర తీసుకొని ఆకాశాన్ని కొట్టిన. డబడబ అన్నది! డొల్ల! కూలుతది! కింద ఊరూరంతా కూసోని ఆట చూస్తున్నది, పిల్లా జెల్లా. నేను ఊకుంటనా? గనిల కప్పుకు పెట్టినట్టే జల్ది జల్ది మొద్దులు తెప్పించి, ఈ కొసకు రెండు, ఆ కొసకు రెండు, ఆకాశానికి ఆనిచ్చి నిలవెట్టిన. ఆ గ్రౌండుకు రెండు దిక్కుల నిలువు కర్రలుంటయి చూడు, గవి నా మొద్దులే. ఇప్పటిదాంక తియ్యలే. తీస్తే పడుతదని వాళ్ళకు భయం."

సదయ్య ఫోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, బొమ్మను పెద్దది చేసి చూశాడు. అతని నోరు తెరుచుకుంది. "బావా! ఉన్నయి! మొద్దులు నిజంగనే ఉన్నయి!"

ముత్యం బొమ్మ దిక్కు చూడలేదు. పోశం మొహాన్నే చూస్తున్నాడు. ఒక ఈగ వచ్చి కప్పు అంచు మీద వాలింది. కనకవ్వకు ఆ ఈగ మీద ఏడుపు వచ్చింది, మొగుడి మీద రావాల్సిన ఏడుపంతా.

"మొద్దులైతే పెట్టిన గని, చీకటి పడ్డది. గీతలు లెవ్వు, మనిషికి మనిషి కనవడడు, ఒకడైతే సొంత తమ్మున్నే పట్టి కింద పడేసిండు. చారల అంగి ఏసుకున్న పెద్దమనిషి ఈల ఊదుదామంటే మూతికి మంచు గట్టింది. అప్పుడు నేను లైటు ఏసిన. నెత్తి మీది లైటు! అబ్బ, గ్రౌండంత పట్టపగలు. రెండు పార్టీలు నా లైటు ఎంబడే ఆడుడు. నేను ఎటు తిరిగితే ఆట అటు. అంతల ఒకని కాలు బెణికింది. 'పోశం, నువ్వు దిగు' అన్నరు. బంతి తెచ్చి నా చంకల పెట్టిన్రు."

"మరి వాళ్ళు పట్టుకోలేదా?"

"పట్టుకోక? వాళ్ళ పదకొండు మంది నా మీద పడ్డరు. వాళ్ళ మీద మా పదిమంది. ఆ ఊపుల చూసేటోళ్ళు గూడ దుంకి పడ్డరు, ఆఖర్న పల్లీలమ్మేటోడు బుట్టతోని సహా. అందరి కింద నేను. గని కప్పు కింద బతికినోనికి మనుషుల బరువొక బరువా? అట్లనే మంచుల సొరంగం తవ్వుకుంట, తవ్వుకుంట, ఆ కొసకు తేలిన. వాళ్ళింక కుప్ప మీదనే ఉన్నరు, నా కోసం ఎతుకుతున్నరు. సరే, గీత దాటాలె గద. గీత యాడున్నది? మంచు కింద. ఎవలన్న ఆగుమంటరేమోనని చూసిన, ఎవ్వలు అంటలేరు. ఇగ ఉర్కిన! గేటు దాటిన, బజారు దాటిన, వాళ్ళ నది ఒకటున్నది అది దుంకిన, ఇంకో ఊరు, ఇంకో ఊరు, నా ఎనుక ఇరవై ఒక్క మంది, వాళ్ళ ఎనుక ఊరు, ఊరి ఎనుక పోలీసులు. మూడు దినాలు! మూడు దినాలు, మూడు రాత్రులు ఆట నడుస్తనే ఉన్నది!"

"మూడు దినాలు లైటు బ్యాటరీ ఎట్ల వచ్చిందన్నా?" అన్నాడు సదయ్య. అతనిది అనుమానం కాదు, మంచి బ్యాటరీ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకుందామనే.

"సలికి. ఫ్రిజ్జిల పెట్టిన కూర కరాబైతదా? గిదీ గంతే. ఆఖరికి అదే గని నోట్ల దుంకి, సముద్రం కింది నుంచి, ఆ చేపల కింది నుంచి, నాలుగో దినం పొద్దుగాల గీడ తేలిన. నెత్తి మీద లైటు ఇంక ఎలుగుతనే ఉన్నది!"

పోశం అలసటగా, గొప్పగా వెనక్కి ఆనుకున్నాడు. సదయ్య చప్పట్లు కొట్టబోయి బావ మొహం చూసి ఆగాడు. ముత్యం వచ్చి కూర్చున్నాక మొదటిసారి ముందుకు వంగాడు.

"మూడు దినాలా అన్నా?"

"మూడు."

"లైటు నెత్తి మీదనే ఉన్నది?"

"ఉన్నది."

"అంటే మూడు దినాలు లైటు వాపసు ఇయ్యలే."

సామ్యేల్ తల వంచుకున్నాడు. ఆకాశం కూలినా, సముద్రం కింద నడిచినా ఆ ఇంట్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. ఈ మాటకు మాత్రం కనకవ్వ గరిటె పట్టుకునే తెర సందు దగ్గరికి వచ్చింది.

"నేను ల్యాంప్ రూంల పని చేసినోన్ని," అన్నాడు ముత్యం. గొంతు పెంచలేదు. "షిఫ్టు దిగినంక ఒక్క లైటు రాకున్నా మేం కిటికి మూయం. లైటు రాలేదంటే మనిషి కిందనే ఉన్నడని లెక్క. రెస్క్యూ వాళ్ళు దిగుతరు. బువ్వ తిననీకి ఇంటికి పోతున్నోళ్ళు గూడ ఎనుకకు మళ్ళి దిగుతరు, కప్పు ఎట్లున్నదో గూడ చూసుకోరు. మూడు దినాలు నీ లైటు రాకపోతే నీ కోసం ఎంత మంది దిగిన్రన్నా? నా చెల్లె మూడు దినాలు గేటు కాడ కూసున్నదా?"

కనకవ్వకు కళ్ళు మసకబారాయి. ఆమె ఒకసారి కూర్చుంది. మూడు రోజులు కాదు, ఒక్క పూట. వేణు అప్పుడు చంటివాడు. గని కప్పు పడిందని సైరన్ మోగితే బిడ్డను చంకనేసుకుని గని దాకా ఉరికి, ల్యాంప్ రూం కిటికీ పట్టుకుని, మా ఆయన లైటు వచ్చిందా అని అడిగింది. వచ్చింది పో అన్నాడు లోపలి మనిషి. ఆ రోజు పోశం ముందే పైకెక్కి, లైటు ఇచ్చేసి, ఎక్కడో కూర్చొని కోతలు కోస్తున్నాడు. ఆ రెండు ముక్కలు విన్నప్పుడు కలిగిన సంతోషం ఆమెకు మళ్ళీ జీవితంలో కలగలేదు.

ఇప్పుడు ఆమె తెర సందులోంచి మొగుడి కాలు చూసింది. బొటనవేలు ఆడుతోంది. అంటే జవాబు తయారవుతోంది. లైటు సామ్యేలుకిచ్చిన అంటాడా, చేప మింగింది అంటాడా? పోశం నోరు తెరిచాడు. ముత్యాన్ని చూశాడు. సామ్యేల్‌ను చూశాడు.

వేలు ఆగిపోయింది.

"లేదన్నా," అన్నాడు. "లైటు ఏ దినానికి ఆ దినం ఇచ్చిన. కొలువు మొత్తంల ఒక్కనాడు తప్పలే. ఒట్టు."

"మరి అమెరికా?"

"పోలే."

"మంచు?"

"ఫ్రిజ్జిల తప్ప చూడలే."

"మరి మొద్దులు?" అన్నాడు సదయ్య. అతని గొంతులో నిజమైన బాధ ఉంది. "ఆకాశం కింది మొద్దులన్నా?"

"గవి వాళ్ళయే తమ్మీ."

సదయ్యకు కోపం వచ్చింది. లేచి నిలబడ్డాడు. "పా బావా, పోదాం! గిన్ని అబద్ధాలా? సముద్రం కింద నడిచిండట! గీ మనిషి ఇంటికి పిల్లనిస్తమా మనం?"

కనకవ్వ తెర అంచును గట్టిగా పట్టుకుంది. ముత్యం కదలలేదు.

"ఆకాశం మీద అబద్ధం చెప్పిండు, సముద్రం మీద చెప్పిండు," అన్నాడు. "లైటు కాడికొచ్చేసరికి చెప్పలేకపాయె. కూసో సదయ్యా."

గోడ మీది కప్పు అందుకున్నాడు. ఈగను తోలాడు. మీద కట్టిన తొరకను వేలితో పక్కకు తీసి, ఆ చల్లటి చాయ్‌ని గటగటా తాగేశాడు.

"చల్లగైంది చెల్లె, ఇంకోటి పెట్టు," అన్నాడు.

కనకవ్వ లోపల పీట మీద కూలబడి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. సామ్యేల్ ఈసారి ఆకాశం దిక్కు భయం లేకుండా చూశాడు. సదయ్య అలక మానేసి తన కప్పు కూడా ఖాళీ చేశాడు, అందులో చీమ ఉందని తాగాక గానీ చూసుకోలేదు.

కొత్త చాయ్ వచ్చింది, పోశానికి కోడికూర కూడా ఖాయమైంది. అప్పుడు ముత్యం మెడ దగ్గరి గుండీ ఒకటి విప్పుకుని, కాస్త దగ్గరికి జరిగాడు. లోపలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"ఇంతకు ఆ ఆట ఎవలు గెలిచిన్రు బావా?"

పోశం కుడికాలి బొటనవేలు ఆడింది. అతను మెల్లగా తల తిప్పి చూశాడు. తెర పక్క నుంచి గరిటె పట్టుకున్న కనకవ్వ చెయ్యి బయటికి వచ్చి ఉంది.

"మంచిది," అన్నాడు పోశం.